గోడకు వచ్చిన జ్వరం

ఆ శనివారం ఉదయం దేవనాథన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, నామాలు దిద్దుకుని, పంచె ఇస్త్రీ చేసుకుని కట్టుకుని, పక్క వాటాలో ఉన్న ఇంటి ఓనరమ్మ చంద్రకాంతమ్మ దగ్గరికి వెళ్ళి ఇల్లు ఖాళీ చేయించవద్దని నయాన అడగాలి. ఇస్త్రీ పంచె ఎందుకంటే, నలిగిన పంచె కట్టుకుని అడిగేవాడికి ఎవరూ ఏదీ ఇవ్వరని ఆయన నమ్మకం. మఠం ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచి ఆయన గట్టిగా నేర్చుకున్నది ఇదొక్కటే.

చంద్రకాంతమ్మ వాళ్ళది చిత్తూరులో బెల్లం మండీ. భర్త పోయాక తిరుపతిలో ఉన్న ఇంటిని నడుమ గోడ పెట్టి రెండు వాటాలు చేయించి, ఒకదాంట్లో తాను ఉంటూ రెండోది దేవనాథన్ దంపతులకు ఇచ్చింది. ఇప్పుడు ఆమె తమ్ముడి కొడుకు జయరావుకు రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం వచ్చింది. వెనకే పెళ్ళీ కుదిరింది. "ఆడి నెలలో ఇల్లు మారకూడదని ఊరికుండా అయ్యోరూ. ఆడి పోతానే మీరు వేరే ఇల్లు చూసుకోండి" అని, ఆ అరవ ఆషాఢం దాటేదాకే గడువని ఆమె మొహం మీదే చెప్పేసింది. మఠానికి నడిచివెళ్ళేంత దగ్గర్లో, పెరట్లో బావి ఉన్న వాటా ఊళ్ళో ఇంకొకటి దొరకదు. ఆ సంగతి దేవనాథన్ కంటే ఆయన భార్య పద్మాక్షికి ఇంకా బాగా తెలుసు. అంతకుముందున్న ఇంట్లో వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడింది, తిట్లు తిన్నది ఆమే కాబట్టి.

ఇంత మంచి వాటాలో ఒకటే లోపం. హాల్లో ప్లగ్ పాయింటు ఒక్కటే ఉంది. దేవనాథన్ దానికి మూడు కన్నాలుండే త్రీవే ప్లగ్ ఒకటి తగిలించాడు. ఆ త్రీవేకి ఇంకొక త్రీవే తగిలించాడు. టీవీ, మిక్సీ, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె అన్నీ దాన్నే నమ్ముకుని బతుకుతున్నాయి. కొంతకాలంగా ఆ పాయింటు చుట్టూ సున్నం గోధుమరంగుకు తిరిగింది. మిక్సీ వేస్తే లోపల చిటపటమంటోంది.

"ఏమండీ, ఆ ప్లగ్గు చెయ్యి పెడితే కాలతా ఉండాది. కాలిన వాసన గూడా వస్తా ఉండాది. కరెంటాయన్ను పిలిపించండి" అంది పద్మాక్షి, రోజూ అంటున్నట్టే.

"కరెంటు పారేచోట వెచ్చగా ఉండక చల్లగా ఉంటాదా? నీ ఒళ్ళు ముట్టుకో, వెచ్చగానే ఉంటాది. అట్లని నిన్ను డాక్టరు దగ్గరికి తీసకపోతా ఉండానా?"

"తీసకపోరు. అది నాకు తెలుసు" అని పద్మాక్షి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు వదులుగా ఉండి నిలవలేదు. దేవనాథన్ తెలివైనవాడు. అగ్గిపెట్టెలోంచి ఒక పుల్ల తీసి సందులో దోపాడు. మండే చోట అగ్గిపుల్ల దోపవచ్చా అని ఒక్క క్షణం కూడా ఆయనకు అనిపించలేదు. ప్లగ్గు బిగిసింది, పెట్టె వేడెక్కింది, పంచె మీద పెట్టె ఆనించాడు. సరిగ్గా అప్పుడు పక్క వాటాలోంచి చంద్రకాంతమ్మ కేక వినిపించింది. ఇల్లు నిలబెట్టుకోవాలని చూస్తున్నవాడు ఓనరమ్మ కేక వేస్తే ఆగుతాడా? ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తాడు.

చంద్రకాంతమ్మ పూజగదిలో పటం ముందు కొయ్యబారిపోయి నిలబడి ఉంది. ఆమెకొక అలవాటు. హారతి ఇచ్చాక వేంకటేశ్వరస్వామి పటం కింద గోడకు రెండు అరచేతులూ ఆనించి కళ్ళకద్దుకుంటుంది. పటానికి గాజు ఉంది, అందదు. గోడ అయితే అందుతుంది.

"అయ్యోరూ, సామికి జరం వచ్చినాది" అంది.

"ఏందమ్మా?"

"చెయ్యి పెట్టి చూడండి. ఒళ్ళు కాలిపోతా ఉండాది."

దేవనాథన్ చెయ్యి పెట్టి చూశాడు. నిజమే, గోడ వెచ్చగా ఉంది. మఠంలో ఆయన ఉద్యోగం స్టోరు గదిలో గొడుగులూ, ఇత్తడి బిందెలూ లెక్క చూడటం. శాస్త్రం గురించి ఆయనకు తెలిసింది బిందెకు తెలిసినంతే. కానీ మఠంలో పని, మొహాన నిలువు నామం, ఈ రెండూ ఉన్నవాడికి అన్నీ తెలుసని ఆ వీధి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఏనాడూ కాదనలేదు.

"నేనేం తప్పు చేసినానో ఏమో. మీరే చెప్పండి అయ్యోరూ, సామికి జరం యాల వచ్చినాది?" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అడగాలనుకున్న మాట అడగకుండానే దారి దొరికితే ఎవరు వదులుకుంటారు? దేవనాథన్ గొంతు సవరించుకున్నాడు. "స్వామి మనసు నొచ్చుకుంటే ఇట్లా అవుతాదని పెద్దలు చెప్తారమ్మా. ఇంట్లో ఎవురినన్నా కష్టపెట్టే ఆలోచన ఏమన్నా చేసినారా?"

"ఇంట్లో నేనొకదాన్నే కదా."

"ఇంట్లోనో, పక్క వాటాలోనో."

చంద్రకాంతమ్మ చటుక్కున పటం వైపు తిరిగి లెంపలేసుకుంది. దేవనాథన్ గెలిచిన మొహంతో ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి హాలంతా పొగ. పంచె నడుమ ఇస్త్రీ పెట్టె ఆకారంలో కన్నం. పద్మాక్షి చేతికి పొడి తువ్వాలు చుట్టుకుని స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడబీకి, ఆయన కోసమే నిలబడి ఉంది.

ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆమె విన్నది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్ పాయింటు మీదికి వేలు చూపించింది.

"ఆయమ్మ పటం సరిగ్గా దీని వెనకాలే ఉండాది. ఒంటి ఇటుక గోడ. ఈ డబ్బా పెట్టేదానికి తొలిచినాక అవతల సున్నం తప్ప ఏమీ మిగల్లేదు. జరం సామికి గాదు, మీ ప్లగ్గుకు. పోయి చెప్పేసి రాండి."

దేవనాథన్ పీట మీద కూలబడ్డాడు. చెప్పేవాడే. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. కానీ చెబితే గోడ కాల్చారని ఆమె ఆడి నెల కూడా చూడకుండా పొమ్మంటుంది. చెప్పకపోతే స్వామే తమ తరఫున మాట్లాడుతున్నాడు. "రెండు రోజులు పోనీ" అన్నాడు.

రెండు రోజులు కూడా అక్కర్లేకపోయింది. ప్లగ్గు ఊడదీసి ఉంచారు కాబట్టి మధ్యాహ్నానికి గోడ చల్లబడింది. చంద్రకాంతమ్మ గడప దగ్గర నిలబడి, "జరం దిగినాది అయ్యోరూ. ఒట్టి ఎండ వేడేమో. రేపు మా జయరావు ఇల్లు చూసేదానికి వస్తా ఉండాడు" అంది.

ఆమె అటు వెళ్ళగానే దేవనాథన్ ఇటు ఇస్త్రీ పెట్టె తగిలించాడు. గుడ్డ లేదు, ఇస్త్రీ లేదు, ఊరికే పెట్టె నిలబడి కాలుతూ ఉంది. సాయంత్రానికి స్వామికి మళ్ళీ జ్వరం వచ్చింది. మరునాడు జయరావు వచ్చి కిటికీలు లెక్కబెడుతుంటే ఇంకా పెరిగింది. చంద్రకాంతమ్మ అతన్ని కాఫీ కూడా ఇవ్వకుండా రేణిగుంట బస్సెక్కించింది.

అప్పటి నుంచి ఆమె వైద్యం మొదలుపెట్టింది. ఒళ్ళు కాలితే చల్లదనం చేయాలి కదా. పొద్దున గిన్నెడు చందనం అరగదీసి గోడకు పట్టించింది. మధ్యాహ్నం తడిగుడ్డ వేసింది. సాయంత్రం పానకం నైవేద్యం పెట్టి, మిగిలింది గోడకే చిలకరించింది. బెల్లం మండీ వాళ్ళింట్లో పానకానికి కరువేముంది? ఎదురింటి తిరుమలమ్మ చూడటానికి వచ్చి, తడి గోడకు చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"చెయ్యి జివ్వుమన్యాదక్కా. మోచెయ్యి దాకా ఎక్కినాది" అంది.

"మహిమ" అంది చంద్రకాంతమ్మ.

ఇంకేం కావాలి? జివ్వుమనిపించుకోవడానికి వీధి వీధంతా వచ్చింది. కీళ్ళనొప్పులవాళ్ళు వచ్చారు, విరిగిన ఎముకకు వేయించుకున్న పుత్తూరు కట్టు విప్పాక ఇంకా నొప్పి పోనివాళ్ళు వచ్చారు. జివ్వుమన్నవాళ్ళు భక్తిగా బయటికి వచ్చారు. ఆత్రంలో చెప్పులు విప్పకుండా వచ్చి ఏమీ అనిపించనివాళ్ళకు, తప్పులు ఒప్పుకుని చెప్పులు విప్పి మళ్ళీ రమ్మని చంద్రకాంతమ్మ సలహా ఇచ్చింది. విప్పి వచ్చినవాళ్ళకు బాగానే జివ్వుమంది.

ఈ మాట చెవిన పడగానే పద్మాక్షి భర్త దగ్గరికి వచ్చింది.

"గోడలోకి కరెంటు దిగినాదండీ. తడి గోడ. రేపు ఎవురన్నా బిడ్డనెత్తుకోని వచ్చి చెయ్యి పెట్టించినారంటే ఆ పాపం ఎవురిది?"

"వచ్చే శనివారం భజన పెడతా ఉండాది. అందురి ముందర మనల్ని ఖాళీ చేయించనని సామి మీద ఒట్టేసి చెప్తానన్నాది. ఆ మాట ఒకటి పడనీ. ఆ మరునాడే కరెంటాయన్ను పిలిపిస్తా."

"మాట పడే లోపల మనిషి పడిపోతే?"

దేవనాథన్‌కూ భయంగానే ఉంది. కానీ బావి కూడా కళ్ళముందు కనబడుతోంది. ఆయన లేనప్పుడల్లా పద్మాక్షి ప్లగ్గు ఊడదీసేది. ఆయన వచ్చి మళ్ళీ తగిలించేవాడు. గోడ అవతల చంద్రకాంతమ్మ, స్వామికి జ్వరం విడిచి విడిచి వస్తోంది, ఇది మలేరియా జాతి అని తేల్చింది.

శనివారం సాయంత్రం భజనకు మైకు, రంగు బల్బుల తోరణాలు పెట్టడానికి కరెంటు పని చేసే వెంకటముని వచ్చాడు. ఆ వీధికి కరెంటు సంగతులన్నీ తెలిసినవాడు అతనొక్కడే అని పేరు. ఆ పేరు అతనే పెట్టుకున్నాడు. చంద్రకాంతమ్మ వాటాలో ప్లగ్ పాయింటు లేదు. కాబట్టి కిటికీలోంచి వైరు లాగి దేవనాథన్ హాల్లోని రెండో త్రీవేలో మిగిలిన కన్నానికి తగిలించాడు. కన్నానికి పిన్ను పట్టకపోతే వైరు కొసలు ఒలిచి, నేరుగా దూర్చి, ఇంకొక అగ్గిపుల్ల దోపాడు. చేసింది చూస్తే దేవనాథన్‌కు శిష్యుడైనట్టు ఉంది.

మొదటి పాట ఎత్తుకోగానే ఫ్యూజు పోయింది. వెంకటముని ఫ్యూజు ఊడబీకి చూసి నవ్వాడు. జేబులోంచి లావు రాగితీగ తీసి, మడిచి మెలిపెట్టి బిగించాడు.

"ఇంగ ఇది పోయేదానికి ఎవురబ్బ తరమూ గాదు" అన్నాడు.

"ఫ్యూజు పోయేదే మనల్ని కాపాడేదానికి కదప్పా. ఆ తీగ కాలకపోతే ఇల్లు కాలతాది" అంది పద్మాక్షి.

"భజన నడాన మైకు ఆగిపోతే సామికి కోపం రాదా అమ్మా?" అని అతను తన సామాను సర్దుకున్నాడు. పద్మాక్షి భర్త వైపు చూసింది. దేవనాథన్ కిటికీలోంచి భజన వైపు చూస్తున్నాడు. చంద్రకాంతమ్మ లేచి మైకు దగ్గరికి వస్తోంది. ఈ సమయంలో స్వామి చల్లగా ఉంటే కొంప మునుగుతుందని ఆయన పెరటి వైపు పోయినట్టే పోయి, పక్కగా వచ్చి ఇస్త్రీ పెట్టె స్విచ్చి కూడా నొక్కాడు.

"అందురికీ ఒక మాట" అంది చంద్రకాంతమ్మ మైకులో. చెయ్యి పటం కింద గోడకు ఆనించి, అది కాలి, వెనక్కి తీసుకుని కళ్ళకద్దుకుంది. "సామి మీద ఒట్టేసి చెప్తా ఉండా. మా పక్క వాటాలో ఉండే అయ్యోర్ని, పద్మాక్షమ్మను, ఈ ఇంట్లోంచి నేను ఎప్పటికీ..."

ఢామ్మని శబ్దం వచ్చింది. మైకు చచ్చిపోయింది.

హాల్లో ప్లగ్ పాయింటు లోంచి నీలం మంట లేచి, పక్కనే ఉన్న టీవీ మీది అల్లిక గుడ్డకు అంటుకుంది. లావు తీగ వెంకటముని చెప్పినట్టే పోకుండా నిలబడింది, కరెంటు ఆగలేదు. దేవనాథన్‌కు అప్పుడు మంట కంటే ముందు ఇస్త్రీ పెట్టె కనిపించింది. జనం వచ్చేలోగా దాన్ని దాచాలని వైరు పట్టుకుని లాగాడు. కరెంటు ఆయన్ను ఎత్తి తలుపు దగ్గర పడేసింది. భుజం కింద ఏదో పుటుక్కుమంది.

భజన అంతా హాల్లోకి వచ్చిపడింది. తిరుమలమ్మ పానకం గంగాళం చేతబట్టుకుని అందరికంటే ముందుంది.

"పోసినారంటే చస్తాం. ఆడనే పెట్టండి దాన్ని" అంది పద్మాక్షి. ఆమె గొంతు అంత పెద్దదని ఆ వీధికి అంతవరకు తెలియదు. ఆమె పీట లాక్కుని దాని మీద నిలబడి, పప్పుగుత్తి కొయ్య పిడితో మెయిన్ స్విచ్చిని కిందికి కొట్టింది. ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి, టీవీ మీద గుడ్డ మాత్రం మండుతూ ఉంది. ఆమె గడప పక్కనున్న ముగ్గుపిండి డబ్బా అందుకుని మంట మీద ఒక విసురు, గోడ మీద ఒక విసురు విసిరింది. రాతి పిండి కదా, మంట బుస్సుమని ఆరిపోయింది. పద్మాక్షి అదే పీట మీద కూర్చుంది. భర్త మూలుగుతున్నాడు, అంటే బతికే ఉన్నాడు. ఆ మూలుగు విని ఆమెకు ఏడుపొచ్చింది.

ఎవరో లాంతరు తెచ్చారు. పొగ పలచబడింది. మసితో నల్లబడ్డ గోడ, వారం రోజులుగా చందనం నీళ్ళు పీల్చుకుని ఇవతలివైపు కూడా తడిగా ఉంది. ఆ తడికి ముగ్గుపిండి రెండు నిలువు చారలుగా పట్టుకుంది. చారల నడుమ ప్లగ్గు పేలినచోట సున్నం పెచ్చు ఊడి ఎర్రటి ఇటుక కనిపిస్తోంది.

"నామం" అంది తిరుమలమ్మ.

గంగాళం కింద పెట్టిన చేతులతో సహా అందరి చేతులూ పైకి లేచాయి.

"అది ముగ్గుపిండి. నేనే విసిరినాను" అంది పద్మాక్షి.

"విసిరింది నువ్వే తల్లీ. విసిరించింది ఎవురు?" అంది చంద్రకాంతమ్మ, గోడ మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

దేవనాథన్‌కు అప్పుడు, పడి భుజం విరిగాక, నిజం చెప్పాలనిపించింది. "అమ్మా, నా మాట వినండి. జరం గిరం ఏమీ లేదు. అది ప్లగ్గు. నేనే ఇస్త్రీ పెట్టె పెట్టి గోడను కాల్చినాను. ఇల్లు పోతాదని అబద్ధం చెప్పినాను" అన్నాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన నోట వచ్చిన నిజాల్లో అదే పెద్దది.

"చూసినారా, ఎంత అణకువో. సామే చేత్తో తాకి తోసినా ఆ పేరు తనకొద్దంటా ఉండాడు మన అయ్యోరు" అంది చంద్రకాంతమ్మ జనంతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "అయ్యోరూ, సామి నా పూజగది వద్దని మీ హాల్లో వెలిసినాడు. ఇది ఇంగ మనుషులు కాపురముండే చోటు గాదు. దీన్ని భజన మందిరం చేస్తా ఉండా. మీరు రేపే సామాన్లు సర్దుకోండి."

"ఇందాక మైకులో ఎప్పటికీ అన్నారు కదమ్మా."

"చెప్పబోయినాను. సామి చెప్పనీలేదు."

"ఆడి నెలలో ఇల్లు మారకూడదు కదా" అన్నాడు దేవనాథన్, చివరి ఆశగా.

"దేవుడి పనికి ఆడి అడ్డమా? శాస్త్రం తెలిసినోళ్ళు, మీరే ఇట్లంటే ఎట్లా?"

మరునాడు సామాను ఒంటెద్దు బండి మీద వెళ్ళింది. దేవనాథన్ పుత్తూరు వెళ్ళి భుజానికి కట్టు వేయించుకుని, నేరుగా కొత్త ఇంటికే వచ్చాడు. ఆ కట్టులో కోడిగుడ్డు సొన పూస్తారని ముందే తెలిసినా, మఠంలో ఎవరూ అడగకపోతే తానుగా చెప్పదలచుకోలేదు. వాసన చెప్పింది. స్టోరు గదిలో బిందెలు లెక్కపెట్టేటప్పుడు మిగతా గుమాస్తాలు కిటికీ పక్కకు జరిగి కూర్చునేవారు.

కొత్త ఇంట్లో బావి లేదు. వీధి కొళాయి ఉంది, బిందెల వరస ఉంది. పద్మాక్షి ఆ వరసలో నిలబడి ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే గోడలన్నీ అరచేత్తో తడిమి చూసి, ఒక ప్లగ్గుకు ఒకటే వస్తువని చెప్పి, త్రీవేలు రెండూ తీసి చెత్తకుండీలో పడేసింది. ఇస్త్రీ పెట్టెను అటక మీద పెట్టింది. ఆయన నలిగిన పంచెతోనే ఆఫీసుకు వెళ్ళడం నేర్చుకున్నాడు.

అక్కడ భజన మందిరానికి జయరావే ధర్మకర్త. ఎవరో ఒకరు దీపం చూసుకోవాలి కాబట్టి పెళ్ళి కాగానే వెనక గదిలో భార్యతో కాపురం పెట్టాడు. బావి నీళ్ళు వాళ్ళవే. దేవుడున్నచోట మళ్ళీ నిప్పు పుట్టకూడదని చంద్రకాంతమ్మ చిత్తూరు నుంచి మనిషిని పిలిపించి, పాత వైర్లన్నీ పీకించి కొత్తవి వేయించింది, ఎర్త్ తీగ భూమిలోకి దింపించింది, దేనికదే ప్లగ్ పాయింటు పెట్టించింది. ఆ మరునాటి నుంచి గోడ చల్లగా ఉంది, ఎవరికీ జివ్వుమనడం లేదు.

దేవనాథన్ ఖాళీ చేసి వెళ్ళినందువల్లే స్వామికి జ్వరం దిగిందని చంద్రకాంతమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.